సుక్కి కేక

అనగనగా కొండ మొదట్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో సుక్కి అని ఒక పిల్ల ఉండేదమ్మడూ. అది కేక వేస్తే మూడు కొండల అవతలికి వినపడేది. పెద్ద పెద్ద బండలు కొండమీదికి లాగేటప్పుడు కేక వెయ్యడమే దాని పని.

బండలు లాగడానికి మూడు దిక్కులనుంచి జనం వచ్చేవాళ్ళు. కొండవాళ్ళు, మైదానంవాళ్ళు, సముద్రపు ఒడ్డువాళ్ళు. ఎవరి మాట వాళ్ళది. సుక్కి సంతల్లో పెరిగిన పిల్ల కదా, మూడూ వచ్చు. అందుకని ప్రతి కేకా మూడుసార్లు వేసేది. బండ ఎవరికి దగ్గరో వాళ్ళ భాషలో ముందు. అది వాళ్ళ తాతలనాటి కట్టుబాటు.

బండ జారకుండా కింద అడ్డుకర్రలు పెట్టేది కొండవాళ్ళు. వాళ్ళలో సుక్కి నాన్న బోడన్న ఒకడు. ఆయనకి కొండమాట తప్ప ఇంకోటి రాదు.

అప్పుడు ఆ దేశపు రాజుకి ఒక ఆలోచన వచ్చింది. నా జనమంతా ఒక్కటేనని చెప్పడానికి కొండమీద ఏకశిలా స్తంభం నిలబెడతాను అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఒక్క స్తంభానికి మూడు కేకలేమిటి, కోటలో మాట్లాడే భాషలోనే వెయ్యాలి, వేరే మాట వినబడితే కొరడా దెబ్బలే అన్నాడు.

కోట భాష అక్కడ ఎవరిదీ కాదు. కోటనుంచి ఒక అధికారి వచ్చాడు. సుక్కి అతని దగ్గర ఇట్టే నేర్చేసుకుంది. మిగతావాళ్ళకి అతను మూడే మూడు మాటలు నేర్పాడు. లాగు, ఆగు, ఎత్తు.

మొదటిరోజు అందరికీ నవ్వులాటే. మైదానంనుంచి వచ్చిన పెంటయ్య, "ఒలే సుక్కీ, నీ కొత్త కూతకి బండని నేను లాగుతున్నానో, నన్ను బండ లాగుతోందో తెలీటం లేదే" అన్నాడు. అధికారి కూడా నవ్వాడు. బండ పాతిక బారలు ఎక్కింది.

రెండోరోజు బండకి కట్టిన మోకుతాడు ఒకటి జారి, సముద్రపు ఒడ్డాయన చెయ్యి నలిగింది. అప్పుడు సుక్కి అధికారి దగ్గరికెళ్ళి, 'తప్పుకోండి' అనే మాట కూడా నేర్పించండి బాబూ అని అడిగింది. పనికి ఆ మాటతో ఏం అవసరం అన్నాడు అతను. పోనీ నాన్నకైనా తనే చెబుదామని ఇంటికెళ్ళింది. నాన్న గంజి తాగుతూ తాగుతూనే నిద్రపోయాడు. రేపు చెబుతాలే అనుకుంది.

మూడోరోజు కొండదారి వంపు దగ్గర మోకు పోగులు పోగులుగా తెగడం సుక్కి కంటపడింది. పక్కనే అధికారి. అతని చేతిలో కొరడా. సుక్కి కోట భాషలో తప్పుకోండి అని కేకేసింది.

కింద బోడన్న తలెత్తి చూశాడు. కూతురి గొంతు తెలిసింది, మాట తెలీలేదు. ఇంకో కర్ర పెట్టమందనుకుని, కర్ర తీసుకుని బండ దగ్గరికి వంగాడు.

అప్పుడు సుక్కి కొండమాటలో అరిచింది. "నాన్నా, తప్పుకో."

ఒక్క ఊపిరి ఆలస్యమైందమ్మడూ. మోకు తెగింది. బండ జారింది. బోడన్నా, ఇంకో ఇద్దరూ దాని కిందే ఉండిపోయారు. సుక్కి వేరే మాట మాట్లాడినా అధికారి కొరడా ఎత్తలేదు.

ఆ తర్వాత స్తంభం నిలబడింది. దానిమీద కోట భాషలో ఏదో చెక్కారు. సుక్కికి మాట వచ్చుగానీ చదవడం రాదు. ఏం రాశారని అడిగితే, మనమంతా ఒక్కటే అని రాశారు అన్నారు.

ఊళ్ళో కొందరు మోకుది తప్పన్నారు, కొందరు రాజుది తప్పన్నారు. సుక్కి మాత్రం, "ముందు కేక నాన్నకి వెయ్యలేదు. కొరడాకి వేశాను" అనేది.

మళ్ళీ అది ఏ బండకీ కేక వెయ్యలేదు. స్తంభం పక్కన కూర్చునేది. దారినపోయే పిల్లల్ని పిలిచి, 'తప్పుకో' అనే మాట మూడు భాషల్లోనూ చెప్పించి గానీ వదిలేది కాదు. ఆ ఊళ్ళో పిల్లలకి ఈ రోజుకీ 'అమ్మ' అనే మాట తర్వాత నేర్పే మాట అదేనట.

మన వీధి చివర కొత్తగా దిగినవాళ్ళ పిల్లని, మాట రాదని వెక్కిరించావు కదూ ఇవాళ? పొద్దున్నే వెళ్ళి, వాళ్ళింట్లో 'తప్పుకో' అనడానికి ఏమంటారో అడిగి రా. మనింట్లో ఏమంటామో దానికి చెప్పి రా.

కథ కొండ దిగి కంచి దారి పట్టింది,
కునుకు మనింటికొచ్చి తలుపు తట్టింది.