చేపల తొట్టి పక్క మంచం

నాగూర్ మీరాకు చేపలంటే ప్రాణం. పగలంతా వెల్డింగ్ షాపులో నిప్పురవ్వల మధ్య కళ్లు మాడ్చుకునే మనిషికి, ఇంటికొచ్చి కాసేపు నీళ్లలో చేపల్ని చూస్తేగానీ ముద్ద దిగదు. అందుకని ముందు గదిలో ఆరడుగుల అద్దాల తొట్టి కట్టించాడు.

అంతవరకూ బాగానే ఉంది. కొన్నాళ్లుగా ఆ ఊళ్లో భూమి అదరడం మొదలుపెట్టింది. గిన్నెలు గలగలమంటే చాలు, ఊరంతా వీధిలోకి పరిగెత్తేది. మీరా మాత్రం తొట్టిని కావలించుకుని నిలబడేవాడు.

చివరికి తన గురువు దస్తగిరి బాబా దగ్గరికి వెళ్లాడు. "బాబా, మా తొట్టికి ఒక తాయెత్తు కట్టండి" అన్నాడు.

పిల్లలకూ గేదెలకూ తాయెత్తులు కట్టిన బాబాకు చేపల తొట్టి తగలడం అదే మొదలు. నవ్వు ఆపుకున్నారు. "చూడకుండా ఎట్లా కడతాను? పద" అన్నారు.

మీరా చూపించిందంతా బాబా ఓపిగ్గా చూశారు. ఇనుప స్టాండును మీరా ముందే గోడకు బోల్టులతో బిగించాడు. అద్దం కింద మెత్తటి రబ్బరు షీటు పరిచాడు. నీళ్లు చిందకుండా అంచుకు జానెడు తగ్గించి పోశాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఆ సంగతి మీరాకూ బాగా తెలుసు.

"అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఇది బాబా" అని తొట్టిని ఆనుకుని ఉన్న నవారు మంచం చూపించాడు. "ఇక్కడ మా ఆపా పడుకుంటుంది. ఆమెది కోడినిద్ర. తొట్టి కాస్త కదిలినా లేచి నన్ను పిలుస్తుంది."

ఆపా అంటే అతని అక్క జాన్‌బీ. అమ్మ పోయాక ఇళ్లిళ్లూ తిరిగి బట్టలు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. వాడు అడిగితే కాదనడం ఆమెకు చేతకాదు. ఇప్పుడు వంటింట్లో బాబా కోసం టీ కాస్తోంది.

బాబా టోపీ తీసి దిండు పక్కన పెట్టారు. మంచం మీద హాయిగా కాళ్లు చాపి పడుకుని కళ్లు మూసుకున్నారు.

మీరా గబగబా దగ్గరికొచ్చాడు. "అక్కడొద్దు బాబా, లేవండి."

"ఏం? కాసేపు నడుం వాలుస్తా."

"ఎప్పుడు అదురుతుందో తెలీదు. అద్దం పగిలిందంటే అంతా మీ మీదే..."

అంటూనే మీరా దిండు వైపు చూశాడు.

బాబా కళ్లు తెరవలేదు. తొట్టిలో మోటారు బుడబుడమంటోంది. దిండు మీద ఆపా తలనూనె మరక ఉంది. రోజూ చూసే మరకే. మీరాకు సిగ్గు ముంచుకొచ్చింది. వంగి మంచం కోడు పట్టుకున్నాడు.

బాబా లేచి రెండో వైపు పట్టుకున్నారు.

జాన్‌బీ టీ గ్లాసులతో వచ్చేసరికి మంచం వీధి తలుపు దగ్గర ఉంది.

"అక్కడెందుకు వేశావురా? అంత దూరం నుంచి తొట్టి కదిలితే నాకేం తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు ఆపా. భూమి అదిరితే నువ్వు బయటికి వెళ్లిపో."

"మరి చేపలో?"

"నువ్వు వెళ్లిపో" అన్నాడు మీరా.

బాబా టీ అందుకుని ఒక గుక్క తాగారు.

"ఇప్పుడు గట్టిగా బిగించావురా, మీరా" అన్నారు.