అత్తమ్మ గదికి తలుపు పెట్టిన వైనం

ఆదివారం పొద్దున్న ఎనిమిదైంది. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. దొడ్డిపాలెంలో గంగరాజు ఇంట్లో నలుగురూ సావిట్లో కూర్చుని టీ తాగుతున్నారు.

"ఊళ్ళో ఇంతమంది ఉన్నారు గానీ మనంత తెలివి ఎవరికుందే?" అన్నాడు గంగరాజు పెళ్ళాం భూలక్ష్మితో. "వాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మన సొంతం పిసరంత కలపం."

"కలపం," అన్నాడు కొడుకు పల్లాలు.

"కలిపితే చెడుతుంది," అంది కూతురు వజ్రం.

భూలక్ష్మి కళ్ళు మాత్రం వెనక గది తలుపు మీదే ఉన్నాయి. వారం నుంచీ అంతే.

వారం కిందట అత్తగారు మాణిక్యమ్మ వెనక గదిలో కాలు జారి పడింది. పడటం సరిగ్గా తలుపు వెనకే పడింది. ఆ తలుపేమో లోపలికి తెరుచుకునేది. "రండ్రా, లేపండి" అంది ముసలావిడ లోపల్నుంచి. నలుగురూ తలుపు తోశారు. "తొయ్యకండ్రా, నా నడుం మీదకొస్తోంది" అంది. అంతే, నలుగురూ చేతులు తీసేశారు. "ఏరీ, రారేంరా?" మళ్ళీ తోశారు. "తొయ్యొద్దన్నానా?" మళ్ళీ మానేశారు. పెద్దావిడ మాట ఒక్కటీ జవదాటలేదు. చివరికి ఆవిడే పాక్కుంటూ పక్కకి జరిగి, తలుపు తీసుకుని బయటికొచ్చింది.

అంతసేపూ తలుపుకి చెవి ఆనించి ఆ మూలుగు విన్నది భూలక్ష్మే. అప్పట్నుంచీ ఎక్కడ తలుపు కిర్రుమన్నా, ఆవిడ వెళ్ళి లోపల ఎవరు పడ్డారో చూసొస్తుంది.

మాణిక్యమ్మ రావులపాలెంలో కూతురింటికి వెళ్ళిపోయింది. కబురు మాత్రం పంపింది. "ఆదివారం సాయంత్రం ఆటోలో వస్తా. ఆ తలుపు అలాగే ఉందా, మళ్ళీ ఈ జన్మలో మీ గడప తొక్కను."

ఆ ఆదివారం ఇవాళే.

తొమ్మిదింటికి వడ్రంగి సూర్రావు మేస్త్రి వచ్చాడు. భూలక్ష్మి ఒక్కటే అడిగింది.

"లోపల మనిషి పడిపోతే ఏ తలుపు తెరుచుకుంటుంది?"

"మంచి మాట అడిగావమ్మా. పక్కకి జరిపే తలుపు పెట్టావనుకో, మనిషి మీదకి రాదు. గోడ వెంట జారిపోతుంది. కాకపోతే ఆ పక్క గోడ మొత్తం ఖాళీగా ఉండాలి. కాదు, మడతబందుల తలుపే కావాలంటావా, దాన్ని తిప్పి ఈ సావిట్లోకి తెరుచుకునేట్టు బిగిస్తా. అందరూ కూర్చుని ఆలోచించుకోండి. రెండూ ఎలా ఉంటాయో చేసి చూసుకోండి. మధ్యాన్నం వస్తా," అని మేస్త్రి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, నలుగురూ కూర్చున్నారు. కూర్చుని ఆలోచించారు.

"నాన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి," అంది వజ్రం.

"ఆలోచన తేలిందా?"

"తేలలేదు."

"మరి కూర్చునే ఆలోచించమన్నాడుగా. లేస్తే మేస్త్రి మాట పోదూ?"

పాలు పొంగాయి. ఆపైన గిన్నె మాడింది. వాసన సావిట్లోకొచ్చింది.

"ఎవరింట్లోనో మాడుతోందే," అన్నాడు గంగరాజు.

"మనింట్లోనే నాన్నా."

"మనదే కదా, పర్లేదు. పైవాళ్ళదైతే వెళ్ళి చెప్పాల్సొచ్చేది."

"రెండూ చేసి చూసుకోమన్నాడు కూడా," అని గుర్తు చేసింది భూలక్ష్మి. "చెయ్యడానికైతే లేవచ్చు."

అందరూ ఆవిడ తెలివికి తలూపి లేచారు.

తలుపు చేసి చూడాలంటే తలుపు కావాలి. పాత తలుపు ఉంది గానీ, అది పాతదాయె. అందుకని పల్లాలే మడతబందుల తలుపయ్యాడు. గుమ్మానికి భుజం ఆనించి బిగుసుకుని నిలబడ్డాడు. గంగరాజు వాడి చెవి పట్టుకుని తెరిచాడు, మూశాడు.

"అబ్బా," అన్నాడు పల్లాలు.

"ఈ తలుపు చప్పుడు చేస్తోందే," అన్నాడు గంగరాజు.

భూలక్ష్మి ఉలిక్కిపడి, నూనె గిన్నె తెచ్చి కొడుకు భుజాలకి రాసింది. గంగరాజు మళ్ళీ చెవి పట్టుకుని లాగాడు. తలుపు జారి సావిట్లో బోర్లా పడింది.

"ఇది వద్దు," అంది భూలక్ష్మి. "మనిషి మీద తలుపు పడటం విన్నాను గానీ, తలుపే పడిపోతే ఇంక దిక్కేముంది?"

అలా మడతబందుల సంగతి తేలిపోయింది. ఇంక జరిపే తలుపు. దానికి వజ్రం నిలబడింది. గోడకి వీపు ఆనించి పక్కకి జారింది. బాగానే జారింది గానీ, తల వెళ్ళి క్యాలెండరుకి తగిలింది.

"గోడ ఖాళీగా లేదు," అన్నాడు పల్లాలు ముక్కు తుడుచుకుంటూ.

క్యాలెండరు తీశారు. గడియారం తీశారు. తాతగారి ఫొటో తీశారు. మేకులు పీకారు. గంగరాజు గోడని పైనుంచి కిందకి చూశాడు.

"మేకులు పోయాయి గానీ బెజ్జాలున్నాయే. ఇది ఖాళీ అంటారా?"

"బెజ్జంలో ఏముంది?" అంది భూలక్ష్మి.

పల్లాలు వేలు పెట్టి చూశాడు. "ఏమీ లేదమ్మా."

"అయితే బెజ్జమే ఖాళీ."

బెజ్జం ఒక్కటే ఖాళీ అయితే, చుట్టూ ఉన్న మిగతా గోడంతా ఖాళీ కాదన్నమాట. మొత్తం ఖాళీగా ఉండాలన్నాడు మేస్త్రి. సాయంత్రానికి అత్తమ్మ వచ్చేస్తారు.

"గునపం ఎక్కడుందిరా?" అన్నాడు గంగరాజు.

ఇంకేముంది, మధ్యాన్నానికి గోడ మొత్తం ఖాళీ. సావిట్లోంచి చూస్తే వెనక గది, అందులో ముసలావిడ మంచం, మంచం మీద బొంత, బొంత మీద ఇటుక ముక్కలు. మధ్యలో గుమ్మం ఒక్కటీ బిత్తరపోయి నిలబడి ఉంది.

మేస్త్రి వచ్చాడు. వచ్చి, పనిసంచి దించకుండానే అడిగాడు.

"గోడేదీ?"

"ఖాళీ చేశాం," అన్నాడు గంగరాజు. "ఒక్క మేకు మిగిలుంటే ఒట్టు."

మేస్త్రి ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

"గోడ లేకపోతే జరిపే తలుపు ఎక్కడ జరుగుతుందయ్యా?"

"అది మీ పని కదండీ."

భూలక్ష్మి చేతులు జోడించింది. "అత్తమ్మ సాయంత్రం వస్తారు మేస్త్రిగారూ. తలుపు మారకపోతే వెనక్కి పోతారు. ఎలాగోలా చెయ్యండి."

ఆ జోడించిన చేతులు చూసి మేస్త్రికి జాలేసింది. గుమ్మానికి రెండు వైపులా వాసాలు ఊతంగా నిలబెట్టాడు. పాత తలుపునే తిప్పి, సావిట్లోకి తెరుచుకునేట్టు బిగించాడు. వెళ్తూ వెళ్తూ గట్టిగా చెప్పాడు.

"గోడ కూలిన వైపు ఎవరూ నడవకండి. ఇటుకలింకా ఊగుతున్నాయి. ఇక్కణ్ణుంచి రాకపోకలన్నీ తలుపులోంచే. తలుపు దాటి వచ్చినవాళ్ళే క్షేమంగా వచ్చినట్టు. తెలిసిందా అమ్మా?"

"తెలిసింది," అంది భూలక్ష్మి. ఆ మాట ఆవిడ మనసులో మేకులా దిగింది.

ఆరు గంటలకి ఆటో వచ్చింది. మాణిక్యమ్మ కర్ర ఊతంతో దిగి, సావిట్లో అడుగు పెట్టి, ఎదరకి చూసింది. ఆవిడ మొహం విప్పారింది.

"ఇన్నాళ్ళకి నా కొడుక్కి బుద్ధొచ్చింది. గోడే తీయించాడు. ఇంక పడ్డా లేచినా అందరికీ కనిపిస్తాను."

అని, నలుగురూ నోళ్ళు తెరిచి చూస్తుండగానే, గోడ లేని చోటు నుంచి నేరుగా నడిచి వెళ్ళి, బొంత దులుపుకుని మంచం మీద పడుకుంది.

భూలక్ష్మి తలుపు గడియ పట్టుకుని నిలబడే ఉంది. ముందు మొగుణ్ణి తలుపులోంచి పంపింది. తరవాత పల్లాల్ని, వజ్రాన్ని. తరవాత తనూ దాటింది. ఎవరెవరు వచ్చారో చూసుకుంది. ఒకరు తక్కువయ్యారు.

"ఏమండీ, అత్తమ్మ రాలేదు."

"ఇక్కడే ఉన్నానే," అంది మాణిక్యమ్మ మంచం మీంచి.

"మీరు ఉన్నారు అత్తమ్మా. రాలేదు."

"పోనీ ఇప్పుడు వస్తాను, ఏం చెయ్యమంటావో చెప్పు. లేవమని మాత్రం అనకు, నడుం పట్టేసింది."

లేవమని అనకూడదన్నారు కదా, ఎవరూ అనలేదు. మంచంతో సహా ఎత్తారు. గోడ లేని చోటు నుంచే సావిట్లోకి తెచ్చి, తలుపు దగ్గరకి తిప్పారు. మంచం గుమ్మంలో పట్టలేదు. నిలువుగా పెట్టారు, పట్టలేదు. ఏటవాలుగా పెట్టబోతే ముసలావిడ కర్రతో పల్లాలు నెత్తి మీద ఒకటిచ్చింది.

"తలుపు అడ్డం," అన్నాడు గంగరాజు.

తలుపు ఊడదీశారు. అయినా పట్టలేదు. గుమ్మం అడ్డం. ఇంకేముంది, గునపం మళ్ళీ వచ్చింది. గుమ్మం కూడా పెకలించి పక్కన పడుకోబెట్టి, మంచాన్ని సుఖంగా లోపలికి మోసుకొచ్చి, దాని చోట దాన్ని దించారు. మాణిక్యమ్మ అప్పటికే గుర్రు పెడుతోంది.

"వచ్చేసింది," అన్నాడు గంగరాజు చెమట తుడుచుకుంటూ.

"ఏ తలుపు దాటి?" అంది భూలక్ష్మి.

గంగరాజు వెనక్కి తిరిగి చూశాడు. దాటడానికి తలుపేదీ?

అంతే. మళ్ళీ తలుపు పెట్టమనడానికి పల్లాలు మేస్త్రి ఇంటికి పరిగెత్తాడు. పొద్దున్నే వస్తానన్నాడని కబురు తెచ్చాడు, దాటడానికి తలుపు లేక సావిట్లోనే నిలబడిపోయాడు.

భూలక్ష్మి మంచం పక్కన చతికిలపడింది. అత్తగారి కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని మెల్లగా పిసుకుతూ, వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. ఆయన వచ్చారు. వజ్రం వచ్చింది. నేనొచ్చాను. పల్లాలు ఇందాక వచ్చాడు గానీ మళ్ళీ వెళ్ళాడు, వాడు రావాలి. అత్తమ్మ రావాలి.

ఆవిడ వచ్చేదాకా నిద్రపోకూడదనుకుని, ఆ కాళ్ళే పిసుకుతూ కూర్చుంది.