తలుపేసి చదివిన అంకెలు

హరనాథ్‌కు ఆ నెలలో ఎవరి ముఖం చూసినా దొంగ ముఖంలాగే కనిపించింది.

కోనపెంట రేంజి అడవిలో అతను వైర్‌లెస్ టెక్నీషియన్. ఎర్రచందనం నరికేవాళ్ల మీదికి గస్తీ వెళ్లినప్పుడల్లా పొయ్యిలో వేడి బూడిదే తప్ప మనిషి దొరకడం లేదు. గస్తీ బయలుదేరే సంగతి వాళ్లకు ముందే తెలిసిపోతోంది.

గాలిలో పోయే మాట పరాయివాళ్లకు అర్థం కాకుండా ఎన్‌క్రిప్షన్ పెట్టాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. హరనాథ్ నాలుగు క్యాంపుల సెట్లకూ పెట్టాడు. కీ నంబర్ ఉన్న సెట్టులోనే మాట వినపడుతుంది, మిగతా వాటిలో గరగర తప్ప ఏమీ రాదు. తనిఖీకి వచ్చినవాళ్లు భేష్ అని సంతకాలు చేసి మరీ పోయారు.

మరి మాట బయటికి ఎలా పోతోంది? యంత్రం తప్పు కాకపోతే మనిషిదే. పాలవాడు "బాగుండావా సారూ" అన్నా, ఎందుకడిగాడా అని హరనాథ్ అరగంట ఆలోచించేవాడు. చివరికి అనుమానం పెంచలయ్య మీద నిలిచింది.

పెంచలయ్య యానాది. అడుగుజాడ చూసి, ఆ మనిషి మోసిన బరువెంతో చెప్పగల ట్రాకర్. అడవిలో పని లేనప్పుడు వైర్‌లెస్ గది గడప దగ్గరే కూర్చుంటాడు. ముప్పై ఏళ్లు వట్టి కాళ్లతో అడవి తిరిగినవాడు ఈమధ్యే చెప్పులు తొడిగాడు. ఇంకేం కావాలి? హరనాథ్ పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. అది చేరితే పెంచలయ్యకు కొలువు పోవడమే కాదు, జైలు కూడా తప్పదు.

రాసింది దిద్దించుకోవడానికి మస్తాన్ సాయిబు దగ్గరికి వెళ్లాడు. ఆయన రిటైరైన వైర్‌లెస్ ఆపరేటర్. సెట్టు విప్పడం నుంచి అందులో మాట్లాడే పద్ధతి దాకా హరనాథ్‌కు ఆయనే గురువు.

"ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు గురువు గారూ. నేను మాత్రం పట్టినాను."

సాయిబు కాగితం రెండుసార్లు చదివాడు. "వాడే అని గెట్టిగా తెలుసునా నీకు?"

"ఇంకెవరుండారు? కొత్త చెప్పులు యాడివి వానికి?"

"అడిగినావా?"

"అడిగితే నిజం చెప్తాడా?"

సాయిబు కాగితం మీది నుంచి తలెత్తాడు. "కీ ఎప్పుడు మారుస్తావు?"

"రేపే. ఒకటో తారీఖు గదా. ఉత్తర్వు ప్రకారం నెలనెలా మారుస్తాండా."

సాయిబు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు దిద్ది తెస్తా పో నాయనా."

మర్నాడు పొద్దున ఏడింటికి హరనాథ్ పెంచలయ్యను నీళ్లకు పంపేశాడు. తలుపు గడియ పెట్టాడు. కిటికీ మూశాడు. అవతల ఎవరైనా నక్కి ఉన్నారేమోనని గోడకు చెవి ఆనించి విన్నాడు.

కొత్త కీ నంబర్‌ను మనిషి చేతనే పంపాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. కానీ నాలుగు క్యాంపులూ నాలుగు కొండల మీద ఉన్నాయి, అన్నీ ఎక్కి దిగడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని హరనాథ్ ప్రతి నెలా చేసినట్టే ఎన్‌క్రిప్షన్ ఆపి, మామూలు మాటలోనే పన్నెండు అంకెలూ సెట్టులో చదివాడు. ఒకచోట తడబడి, "నాలుగు... కాదు కాదు, ఏడు" అని దిద్దుకున్నాడు. రెండు నిమిషాల పని. ఎన్‌క్రిప్షన్ మళ్లీ పెట్టి, నిశ్చింతగా తలుపు తీశాడు.

రోడ్డవతలి టీ బంకు నుంచి సాయిబు నడిచి వస్తున్నాడు. ఎప్పుడో వేలంలో కొనుక్కున్న పాత సెట్టు ఆయన భుజాన వేలాడుతోంది.

"దిద్దినారా గురువు గారూ?"

"వెనకపక్క చూడు."

ఫిర్యాదు వెనక పన్నెండు అంకెలున్నాయి. ఆరో అంకె నాలుగు. దాన్ని కొట్టేసి పక్కన ఏడు రాసి ఉంది. మీద టీ గ్లాసు మరక గుండ్రంగా అంటుకుంది.

హరనాథ్ గడప మీదే కూలబడ్డాడు, రోజూ పెంచలయ్య కూర్చునే చోట.

అంతలో పెంచలయ్య బిందెతో వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నీళ్లు లోపల దించి వెళ్లాడు. హరనాథ్ ఆ చెప్పుల్ని అప్పుడు దగ్గరగా చూశాడు. ఎవరో అరగదీసి పారేసిన పాత చెప్పులు. వార్లు మాత్రం కొత్తవి.

సిగ్గుతో తలొంచుకునే ఫిర్యాదును సాయిబు వైపు చాచాడు.

"ఈ కాయితం ఏం చేయమంటారు?" అన్నాడు.

"పంపించు నాయనా," అన్నాడు సాయిబు. "అంతా సరిగానే రాసినావు. పేరొక్కటి మార్చు."