నాలుగో చరణం

సీతాపతి గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. పాలకొల్లులో ఆయన దగ్గర పాట నేర్చుకున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ప్రశ్న వేసినవాణ్ణి కాసేపు అలా చూసి, "ఊఁ" అని లేచి లోపలికి వెళ్లిపోయేవారు. జవాబు ఎప్పుడో, వేరే పని మీద ఆయన వెంట వెళ్లినప్పుడు దొరికేది. ఒక్కోసారి దొరికేదీ కాదు.

ఆయన శిష్యుల్లో భానుమూర్తి ఒకడు. కరెంటాఫీసులో గుమాస్తా, నలభై దాటినవాడు, మంచి గొంతు. ఒకనాడు పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయినా అతను కదల్లేదు.

"గురువుగారూ, ఒక మాట అడగాలండి. నా దగ్గర డిస్కు నిండా పాటలూ సినిమాలూ ఉన్నాయి. ఒక్కటీ కొన్నది కాదు, ఒక్కటీ అమ్మింది కాదు. నా కోసం నేను కాపీ చేసుకున్నవే. సొంతానికి వాడుకుంటే చట్టంలో కొంత వెసులుబాటు ఉందంటాడు మా బావమరిది, ప్లీడరు. మొన్న ఆఫీసులో అన్నాలు తినే చోట ఒకాయన అందరి ముందూ నన్ను దొంగ అన్నాడండి. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట ముల్లులా దిగింది. తప్పా, ఒప్పా మీరు చెప్పండి."

"అందులో నీకు బాగా ఇష్టమైన పాట ఏది?" అన్నారు సీతాపతి గారు.

"రేవు పాటండి. సభల్లో పాడుతుంటాను కూడా."

"ఎవరిది?"

"జానపదమండి. ఎవరు కట్టారో తెలీదు."

"ఊఁ. ఆదివారం ఆచంట వెళ్తున్నాను. నువ్వూ రా. ఆ పాట ఫోన్లో వేసుకుని రా."

ఆచంటలో వాళ్లు వెళ్లింది కాలవగట్టున ఒక చిన్న పెంకుటింటికి. అరుగు మీద కూర్చున్న ముసలాయన సీతాపతి గారిని చూసి లేవబోతే, ఆయనే వెళ్లి భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆయన పేరు కడలి గవరయ్య. ఒకప్పుడు రైసుమిల్లులో పనిచేస్తూ, ఊరి భజన సమాజానికి పాటలు కట్టి పాడేవాడట. ఆయన భార్య మంగాయమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక సీతాపతి గారు, "మావాడు ఒక పాట తెచ్చాడు, విందాం," అన్నారు.

భానుమూర్తి ఫోను అరుగు మీద పెట్టి నొక్కాడు. డోలకు మొదలైంది. దాని వెనకే కంచులాంటి గొంతు లేచింది.

"నీటి మీద రాసుకున్న మాట నిలిచేనా, గట్టు మీద నిలుచున్న తోడు మరిచేనా..."

గవరయ్య తల వంచి చెవి దగ్గరగా పెట్టాడు. ఆయన చెయ్యి తొడ మీద తాళం వెయ్యసాగింది. మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చరణం నడుస్తుండగా భానుమూర్తికి అర్థమైంది, ఆ గొంతు ఎవరిదో. "కర్త ఎవరో తెలియదు" అని తను ఎన్ని సభల్లో చెప్పాడో లెక్కలేదు.

మూడో చరణం ముగిసింది. గవరయ్య చెయ్యి తర్వాతి దెబ్బకి లేచింది. ఫోను ఆగిపోయింది. లేచిన చెయ్యి అలాగే ఉంది.

"ఆగిపోయిందేం బాబూ?"

"అయిపోయిందండి. పాట ఇంతేనండి," అన్నాడు భానుమూర్తి.

"ఇంతేనా," అని చెయ్యి దించుకున్నాడాయన. మంగాయమ్మే ఉండబట్టలేక అంది. "ఇంకో చరణం ఉంది బాబూ. పేరు వచ్చేది అందులోనే."

"మీ పేరాండీ?"

"నాది కాదు," అన్నాడు గవరయ్య. "పీరు సాహెబుది. ఇప్పుడు విన్న డోలకు వాడిదే. వరస కట్టింది వాడు, మాటలు నావి. క్యాసెట్టు కోసం పాడకముందే, అట్ట మీద నా ఒక్కడి పేరే వేస్తామన్నారు కంపెనీవాళ్లు. నేను వెళ్లి దెబ్బలాడతానంటే వాడు వద్దన్నాడు. అట్ట చిరిగిపోద్దిరా, నా పేరు పాటలో పెట్టు, అది ఎవడూ చింపలేడు, అన్నాడు. అందుకే ఆఖరి చరణం వాడి పేరు మీద కట్టాను. వాడు పోయి చాలా ఏళ్లయింది."

"మరి ఇందులో ఎందుకు లేదండీ?"

"మొదట కాపీ తీసుకున్నవాడి దగ్గర టేపు చాలకపోయి ఉంటది. తర్వాత వాళ్లు దాన్నుంచే తీసుకుని ఉంటారు. ఎవరినీ అనడానికి లేదు. ఎవరి కోసం వాళ్లు తీసుకున్నారు."

ఆ చివరి మాటలో కోపం లేదు. ఉంటే భానుమూర్తికి కాస్త తేలికగా ఉండేదేమో. అసలు క్యాసెట్టు మీ దగ్గర ఉందా అని అడిగాడు. ఏనాడో బూజు పట్టి పాడైపోయిందని, దాన్ని వేసిన కంపెనీయే లేదని మంగాయమ్మ చెప్పింది.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. కంచు పోయి ఊపిరే మిగిలిన గొంతు అది. అయినా శ్రుతి తప్పలేదు.

"తెరచాప దించి చూస్తే తీరమే లేదు, పీరన్న డోలకుంటే దూరమే లేదు..."

భానుమూర్తి చెయ్యి తనకు తెలియకుండానే ఫోను మీదికి వెళ్లింది. రికార్డు బొమ్మ మీద వేలు పెట్టబోయి ఆగిపోయాడు. ఆయన పాడటం ముగించాక, తలెత్తకుండా అడిగాడు.

"మీరు ఒప్పుకుంటే, మళ్లీ ఒకసారి పాడతారా అండీ? తీసుకుంటాను."

గవరయ్య నవ్వాడు. "తీసుకో బాబూ. మనిషి నుంచి మనిషికి పోకపోతే పాట ఎలా బతుకుద్ది? కాకపోతే చివరిదాకా తీసుకో."

"నీ ఫోన్లో ఉన్న ఆ పాట మాకూ ఒకటి కాపీ చేసిపెట్టు నాయనా," అంది మంగాయమ్మ. "ఈయన ఆనాటి గొంతు ఈ ఇంట్లో వినిపించి చాన్నాళ్లయింది."

బస్సు కోసం కాలవ వంతెన దగ్గర నిలబడ్డప్పుడు భానుమూర్తి అన్నాడు. "గురువుగారూ, నేనడిగింది అలాగే ఉండిపోయిందండి. కాపీ చేసుకోవడం తప్పో ఒప్పో మీరు చెప్పలేదు. ఆయన్ని చూస్తే తప్పనిపిస్తోంది. ఆయన మాట వింటే ఒప్పనిపిస్తోంది."

దూరంగా బస్సు కనబడింది. సీతాపతి గారు కండువా సర్దుకున్నారు.

"ఇందాక రికార్డు నొక్కబోయి ఆగావు కదా," అన్నారు. "నిన్ను ఆపిందెవరు?"