రాణిగారి పుట్టింటి పెట్టలు

కొండపేట రాజు పద్మనాభరాజుకి రాజ్యం మీద ఎంత శ్రద్ధో కోళ్ళ మీదా అంతే. నిజం చెప్పాలంటే కోళ్ళ మీదే కాస్త ఎక్కువ. అంతఃపురం వెనక దొడ్లో ఆయన పెంచే పెట్టలు మంత్రులతో సమానంగా తినేవి. మంత్రుల్లా కాకుండా రోజూ గుడ్లయినా పెట్టేవి.

ఆ దొడ్లోకి రాణిగారి పుట్టింటి నుంచి కొన్ని పడుచు పెట్టలు కానుకగా వచ్చాయి. వచ్చిన పూటే పాత పెట్టలు వాటిని తరిమి తరిమి పొడిచాయి. నూకల దగ్గరికి రానివ్వలేదు, నీళ్ళు ముట్టనివ్వలేదు.

"మా పుట్టింటివాళ్ళంటే ఈ ఇంట్లో కోళ్ళకి కూడా లోకువే" అని రాణిగారు రాజుగారితో మాట మానేశారు. పైగా ఆమె తండ్రి త్వరలోనే చూడ్డానికి వస్తున్నారు.

రాజు సభలో అడిగాడు. "ఈ రెండు జట్లూ ఒకే చేటలో తినేలా ఎవరు చెయ్యగలరు?"

ప్రధాని వల్లభామాత్యుడు లేచాడు. తనకి తెలియనిది లేదని ఆయన నమ్మకం. దొడ్లో కర్రతో ఒక భటుణ్ణి నిలబెట్టి, పొడవడం నేరమని చాటింపు వేయించాడు. కోళ్ళు చాటింపు శ్రద్ధగా విని, ముందు భటుణ్ణి పొడిచాయి.

"లోపం కొత్తవాటిదే ప్రభూ. పెంపకం సరిగా లేదు" అని తేల్చాడు వల్లభుడు.

తెర వెనక రాణిగారి గాజులు గట్టిగా చప్పుడు చేశాయి. వల్లభుడు నాలిక కరుచుకుని, గబుక్కున బుచ్చన్న వైపు తిరిగాడు.

బుచ్చన్న ఈమధ్యే కొలువులో చేరిన యువకుడు. అతను నోరు తెరిస్తే చాలు, "పెద్దలు మాట్లాడుతుంటే నీకెందుకు, కూర్చో" అనేవాడు వల్లభుడు. కూర్చోవడానికి చోటు మాత్రం ఎవర్నీ ఇవ్వనిచ్చేవాడు కాదు.

"ఈ పని బుచ్చన్నకి అప్పగించండి ప్రభూ. చేతకాకపోతే కొలువు వదిలి వెళ్తాడు."

బుచ్చన్నకి తల్లి గుర్తుకొచ్చింది. కొడుక్కి రాజుగారి కొలువు దొరికిందని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు వట్టి చేతులతో ఇంటికి ఎలా వెళ్తాడు? అయినా తొణక్కుండా అన్నాడు.

"సరే ప్రభూ. రేపొక్క పూట ఈ సభామంటపం నాకివ్వండి. సభ కోళ్ళ దొడ్లో జరుపుకుందాం."

మర్నాడు కోళ్ళన్నీ మంటపంలో, మంత్రులందరూ దొడ్లో. ఎవరి చోటేదో తెలియక మంత్రులు రెట్టలు తప్పించుకుంటూ ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డారు. అక్కడ మంటపంలో పాత పెట్టలు రత్నకంబళి మీద బిక్కమొహాలు వేసుకుని, పొడవడం మరిచిపోయి, కొత్తవాటి పక్కనే ముడుచుకున్నాయి.

బుచ్చన్న పడుచు పెట్టల్ని ముందుగా తెచ్చి దొడ్లో వదిలాడు. అవి తీరిగ్గా నేల గీరి, మట్టిలో పొర్లి, ఇల్లు తమదే అన్నట్టు స్థిరపడ్డాయి. ఆ తర్వాత పాతవాటిని తెచ్చాడు. అవి గుమ్మంలోనే ఆగి అటూ ఇటూ చూశాయి. ఒకటి మాత్రం అలవాటు కొద్దీ ముక్కు చాచింది. ఎదుటి పెట్ట కదల్లేదు. కాసేపటికి అన్నీ ఒకే చేటలో నూకలు తింటున్నాయి.

"ఏం మంత్రం వేశావయ్యా?" అన్నాడు రాజు.

"మంత్రమేముంది ప్రభూ. వాటి పొగరంతా చోటుది. ఆ చోట్లోకి ఈసారి వాటినే ఆఖర్న తెచ్చాను."

వల్లభుడు పెదవి విరిచాడు. "కోడి బుర్ర ఎంత? బుద్ధున్నవాళ్ళ దగ్గర ఇలాంటివి సాగవు."

"అదీ చూద్దాం" అన్నాడు రాజు నవ్వు దాచుకుంటూ. "మంటపం ఖాళీ అయింది. బుచ్చన్నా, నువ్వు ముందు వెళ్ళి నచ్చిన చోట కూర్చో. ప్రధానిగారు ఆఖర్న వస్తారు."

బుచ్చన్న వెళ్ళి సింహాసనానికి దగ్గరగా కూర్చున్నాడు. తక్కినవాళ్ళు దొరికిన చోట సర్దుకున్నారు. అందరూ కుదురుకున్నాక వల్లభుడు వచ్చాడు. సభ నిండిపోయి ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగి అటూ ఇటూ చూశాడు.

బుచ్చన్న కాస్త జరిగి పక్కన చోటు చూపించాడు.

"రండి ప్రధానిగారూ, భయపడకండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పొడవరు."

సభంతా గొల్లుమంది. తెర వెనక రాణిగారు కూడా నవ్వారు. ఆ నవ్వు విని రాజుకి ప్రాణం లేచి వచ్చింది. మెళ్ళో ముత్యాలహారం తీసి బుచ్చన్న మెడలో వేశాడు.