వాగొడ్డు బొరియ

కొర్రకోన అడవిలో జింకలు, ఉడుములు, కుందేళ్లు, ముళ్లపందులు ఉండేవి. అక్కడ అందరి దగ్గరా సెల్‌ఫోన్లు ఉండేవి. పొద్దున లేవగానే మేతకన్నా ముందు ఫోనే చూసుకునేవి.

గిరక అనే ముంగిస కొత్తగా ఇళ్లు కుదిర్చే పని మొదలుపెట్టింది. బొరియ గానీ తొర్ర గానీ ఖాళీగా కనిపిస్తే చాలు, ఫొటో తీసి ఫోన్‌లో పెట్టేది. ఇరవై రోజులైనా ఒక్కరికీ ఇల్లు కుదరలేదు. గిరకకు కాలు నిలిచేది కాదు. కూర్చుంటే లేచేది, లేస్తే ఫోన్ చూసేది.

పుల్లమ్మ అనే ముళ్లపందిది కూడా అదే పని. కానీ ఆమె ప్రతి బొరియలో ఒక పూటంతా కూర్చునేది. గుమ్మంలో కుండెడు నీళ్లు పోసి, అవి ఎటు పారుతాయో చూసేది. ఆ తరువాతే ఫొటో పెట్టేది. అందులో బురద తప్ప ఏమీ కనిపించేది కాదు.

"ఏం పెద్దమ్మా, ఈ బురద చూసి ఎవరొస్తారు?" అని గిరక వెక్కిరించింది.

"చూసేవాళ్లు వందమందైనా, అందులో కాపురం చేసేది ఒక్కరేనమ్మా" అంది పుల్లమ్మ.

గిరక ఆ మాట చెవిన పెట్టలేదు. ఎండిపోయిన వాగు ఒడ్డున ఒక బొరియ చూసింది. తంగేడు కొమ్మను గుమ్మం మీదికి వంచింది. వాగు కనిపించకుండా పక్కకు జరిగి ఫొటో తీసింది. 'పూల గుమ్మం, చల్లని గాలి, వెంటనే చేరవచ్చు' అని రాసింది. సాయంత్రానికి మూడు వందల లైకులు వచ్చాయి. ఇక గిరకను పట్టుకోవడం ఎవరి తరం!

మర్నాడే సీతాలు అనే కుందేలు వచ్చింది. వెంట నలుగురు పసికూనలు.

"వానలు పడేలోపు పిల్లల్ని ఒక చోట చేర్చాలి. లోపలికి నీళ్లు రావు కదా అక్కా?"

 గిరక ఆ బొరియలో అడుగైనా పెట్టలేదు. కానీ తెలియదంటే మొదటి బేరం చేజారిపోతుంది.

"చుక్క కూడా రాదు. నాది పూచీ!" అనేసింది.

సీతాలు కాపురం పెట్టింది. ఆకాశంలో మబ్బులు ముసిరాయి. మూడు రోజులు గిరకకు తిండి సయించలేదు. బొరియ చూసి వద్దామని రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ సగం దారిలో వెనక్కి తిరిగింది. చూస్తే నిజం తెలిసిపోతుందని దాని భయం.

నాలుగో రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. గిరక పరుగెత్తింది. అప్పటికే వాగు గుమ్మం దాటింది. సీతాలు ఒక కూనను బండమీద పెట్టి ఏడుస్తోంది.

"ముగ్గురు లోపలే ఉన్నారక్కా!"

గిరక నీళ్లలోకి దూకింది. ఒక్కొక్కరినే నోట కరచుకుని తెచ్చింది. చివరి కూన కదలలేదు. సీతాలు దాన్ని నాకుతూనే ఉంది. ఎంతోసేపటికి అది తుమ్మింది. గిరక ప్రాణం లేచి వచ్చింది.

వాళ్లను మిట్ట మీది తన బొరియకు తీసుకుపోయింది. "ఇది నా ఇల్లు. ఇక మీదే. ఇందులోకి నీళ్లు రావు."

"నీ మాట వద్దు. నేనే చూసుకుంటాను" అంది సీతాలు.

లోపలికి వెళ్లి మూలమూలా తడిమి చూసింది. అంతసేపూ గిరక వానలో తల వంచుకుని నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయింది.

ఈ సంగతి అడవంతా పాకింది. వారం తిరిగేసరికి జంతువులన్నీ పుల్లమ్మ దగ్గర వరుస కట్టాయి. ఆమెకు ఊపిరి సలపలేదు. చెట్టు కింద తడుస్తున్న గిరకకు ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. చేసింది ఒక అడవిపిల్లి.

"ఆ పూల గుమ్మం ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా?"



"అది ఇల్లు కాదండీ, వాగు" అంది గిరక. అని ఆ ఫొటో తీసేసింది.

నీతి: తాను చూడని దానికి పూచీ పడితే ఎదుటివారికి ఆపద, తనకు తలవంపు.