గుండెలోతమ్మ చెయ్యి చాపిన చోటు

గరుసుమిట్ట ఊరికి తూర్పున, ఎర్రవంక దాటగానే, శ్మశానం వస్తుంది. ఊరన్నాక శ్మశానం ఉండడం వింత కాదు. దాని లోపలే గుడి ఉండడం, ఆ గుడికి తల్లులు చంకన బిడ్డలతో రావడం వింత. అక్కడ వెలసిన తల్లి పేరు గుండెలోతమ్మ.

గర్భాలయంలో పీఠం లేదు. నల్లరాతి విగ్రహం గుండెల వరకే పైకి కనిపిస్తుంది, మిగిలిన శరీరం నేలలో ఉంది. కుడిచెయ్యి పైకి చాపి ఉంటుంది. ఎన్నో చేతులు తగిలి తగిలి ఆ అరచెయ్యి నునుపు తేలింది. కొత్తగా వచ్చినవారు దాన్ని అభయహస్తం అనుకుని దణ్ణం పెట్టబోతారు. ఇక్కడ అర్చన చేసేది కాటికాపరి వంశపు ఆడవాళ్ళు. "దణ్ణం తర్వాత పెట్టుకుందువులే. ముందు చెయ్యి పట్టుకో తల్లీ" అని వారు చెబుతారు.

శ్మశానం గేటు పక్క గోడ మీద పంచాయతీవారు నీలిరంగుతో నిబంధనలు రాయించారు. పండుముసలికైనా పురిటికందుకైనా గొయ్యి గుండెలోతు ఉండాలి. ఆ ఇంటి ఆడమనిషి గోతిలో దిగి నిలబడి కొలత చూసుకోవాలి. తలాపున రాయి పాతాలి, పసిబిడ్డ అయితే ఆ చోటు తల్లికి చూపించాలి. పాత గొయ్యిని మళ్ళీ తవ్వవలసి వస్తే ఆ ఇంటి ఆడవారి మాట తీసుకోవాలి. ఇవి ఏ కచేరీలోనూ పుట్టిన నిబంధనలు కావు. ఒక పచ్చిబాలింత గోతిలో నిలబడి ఊరిచేత ఒప్పించినవి.

పూర్వం ఇక్కడ శ్మశానానికి గోడ లేదు, కంపచెట్ల దడి మాత్రం ఉండేది. నేలంతా గరుసు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. తవ్వడం కష్టం కనుక ఊరి పెద్దలు గోతులకు ఒక కట్టుబాటు పెట్టారు. పెద్ద ఇంటి మగవాడికి నిలువులోతు. మామూలు మగవాడికి నడుములోతు. ఆడదానికి మోకాలిలోతు. పసిబిడ్డకు మూరెడు. బతికి ఉండగా ఇంట్లో ఎవరికి ఎంత చోటు ఇచ్చారో చచ్చాక నేలలోనూ అంతే ఇచ్చారు. అందులో తప్పేమిటో పెద్దలకు తట్టలేదు. మోకాలిలోతులో పడుకోవలసినవారిని ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళు వంక దాటి శ్మశానంలో అడుగు పెట్టకూడదన్నది కూడా కట్టుబాటే గనుక, ఎవరిని ఎంత లోతున పెట్టారో వారికి తెలిసే దారీ లేదు.

ఆ రోజుల్లో మద్దిలేటి అనే కాపుకు సిద్ధమ్మ అనే భార్య ఉండేది. ఆమెకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. ఇంకా పేరు పెట్టలేదు. పురిటిమంచం మీద ఉండగానే, ఒకనాటి తెల్లవారుజామున, బిడ్డ పాలు తాగుతూ తాగుతూ నోరు వదిలేసింది. సిద్ధమ్మ తన పెళ్ళిచీర కొంగు చింపి, అంచు మడిచి కుట్టి, అందులో బిడ్డను చుట్టింది. మగవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. తిరిగివచ్చిన భర్తను ఆమె ఒక్కటే అడిగింది.

"పాపను యాడ పెట్టినారు?"

మద్దిలేటి కాళ్ళు కడుక్కుంటూ, "అదంతా నీకెందుకు? అడక్కూడదు" అన్నాడు.

అత్త ఓబులమ్మ చెడ్డ మనిషి కాదు. కోడలి రొమ్ములు పాలతో గడ్డకట్టి సలుపుతుంటే మల్లెపూలు తెచ్చి గుడ్డతో బిగించి కట్టింది. "పూలు కడితే పాలు ఇంకిపోతాయి. పాలు ఇంకితే ఏడుపూ ఇంకిపోతుంది. మేమంతా ఇట్లా ఇంకించుకున్నవాళ్ళమే" అంది.

"నువ్వు పోగొట్టుకున్న పిల్లల్ని యాడ పెట్టినారు అత్తా?"

ఓబులమ్మ ముడి మరి కాస్త బిగించింది. ఆమెకు తెలియదు.

తరువాత ఒక ఉదయం సిద్ధమ్మ పెరటి తలుపు తీసేసరికి దడి మొదట్లో ఎర్రటి గుడ్డపేలిక కనిపించింది. నక్కలు ఈడ్చుకొచ్చి వదిలేసినట్టు మట్టి కొట్టుకుని ఉంది. అంచు మడిచి కుట్టి ఉంది. ఆ కుట్టు ఆమెదే.

ఆమె ఎవరినీ పిలవలేదు, ఏడవలేదు. పేలికను నడుముకు దోపుకుని, బాలింత చీరతోనే వీధి వెంట నడిచి, వంక దాటింది. ఆ దడి లోపల అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి సిద్ధమ్మ. గోతులను చాలా చోట్ల నక్కలు తవ్విపోశాయి. మిగిలిన చీర ముక్కను బట్టి తన బిడ్డది వెతుక్కుని, దాని పక్కన కూర్చుని, బిడ్డను ఒడిలోకి తీసుకుంది. బిడ్డ చెక్కుచెదరలేదనే ఆమె చెప్పింది. పేలిక చూసినవారు కూడా ఆమెను తిరిగి అడగలేదు. ఈ క్షేత్రంలో తల్లి చెప్పిందే ప్రమాణం.

కాటికాపరి నాగప్ప పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నువ్వు లోపలికి రాకూడదు. నువ్వు పో. బిడ్డను నేను మళ్ళీ మట్టి చేస్తాలే."

"ఎంత లోతున?"

"పసిబిడ్డకు మూరెడేనమ్మా. కట్టుబాటు."

"నక్కకు చెప్పినారా మీ కట్టుబాటు?"

సిద్ధమ్మ లేచి, బిడ్డను ఒక చేత్తో హత్తుకుని, ఆ మూరెడు గోతిలోకి దిగి నిలబడింది. గట్టు ఆమె మోకాలికి కూడా అందలేదు.

"తవ్వు. నా బిడ్డ నా గుండెకాడ పడుకునేది. మట్టి నా గుండెకాడికి వచ్చినప్పుడు చాలంటాను. అంతవరకు ఈడనుంచి కదలను."

కబురు ఊళ్ళోకి పోయింది. ఊరిపెద్ద తిరుమలప్ప తలపాగా చుట్టుకుంటూ, పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. వెనక మద్దిలేటి. వంక అవతలి గట్టున ఆడవాళ్ళు గుంపుకట్టారు.

"మద్దిలేటీ, ఏందిరా ఇది? ఆడది వల్లకాట్లో నిలబడితే ఊరికి అరిష్టం. లాగి అవతలెయ్యి" అన్నాడు తిరుమలప్ప.

"నేను రాకముందు ఊరికి శుభమే జరిగిందా పెద్దాయనా?" అని సిద్ధమ్మ పేలిక తీసి చూపింది. "ఇది నా పెరటి కాడ దొరికింది. రేపు మీ వాకిట్లో ఏం దొరుకుతుందో ఎవరికి తెలుసు? మీ కోడలికి నెలలు నిండినాయంట కదా."

తిరుమలప్ప ముఖం నల్లబడింది. "నోరు ఎక్కువైంది. గరుసు నేలమ్మీ ఇది. నువ్వన్నంత లోతు తవ్వాలంటే పొద్దుగూకుతుంది."

"పోయినేడు మీ నాయనకు నిలువులోతు తవ్వినప్పుడు ఇది గరుసు కాదా?"

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించారు. జవాబు లేనప్పుడు పెద్దలు చేసే పనే తిరుమలప్ప చేశాడు. నాగప్ప చేతిలోని గడ్డపారను లాక్కోమన్నాడు.

అప్పుడు సిద్ధమ్మ రొమ్ముల నుంచి, కట్టిన గుడ్డలూ మల్లెపూలూ దాటి, పాలు కారాయి. బిడ్డ ఒంటి మీద నుంచి జారి ఆమె కాళ్ళ దగ్గర పడ్డాయి. పాలు పడిన మేర గరుసు నానిన అటుకుల్లా మెత్తబడింది. ఆమె బొటనవేలితో నొక్కితే నేల దిగింది. నాగప్ప అది చూసి, లాక్కోబోయినవారి చేయి విదిలించుకుని, గడ్డపార వేశాడు. రాయి లేవవలసిన చోట మట్టి లేచింది.

తవ్విన మట్టి ఎత్తిపోసేందుకు మగవాళ్ళెవరూ ముందుకు రాలేదు. ఓబులమ్మ గంప పట్టుకుని వంక దిగింది. నీళ్ళలో సగం దూరం వచ్చి ఒకసారి ఆగింది. అంత వయసు వచ్చినా ఆమె అక్కడిదాకా రావడం అదే మొదలు. తరువాత ఆగకుండా వచ్చి, గోతి పక్కన కూర్చుని, గంపలోకి మట్టి తోడింది.

"నాగప్పా, నా ముగ్గురు యాడున్నారు?" అని అడిగింది, తోడుతూనే.

"మా నాయన కాలం అమ్మా. గుర్తు లేదు. రాయి పాతలేదు."

ఓబులమ్మ గంప ఎత్తి మట్టి పోసి వచ్చింది. ఈ గోతి తలాపున పాతేందుకు ఒక రాయిని తానే దొర్లించుకొచ్చి పక్కన పెట్టింది.

గట్టు సిద్ధమ్మ నడుము దాటింది. పొట్ట దాటింది. గుండెల దగ్గరికి వచ్చింది.

"చాలు" అంది సిద్ధమ్మ.

వంగి, బిడ్డను పేలికతో సహా తన పాదాల దగ్గర పడుకోబెట్టింది. తన రొమ్ము కట్టులోని మల్లెపూలు తీసి మీద వేసింది. ఇక పైకి రావాలి. పచ్చిబాలింత, తెల్లవారినప్పటి నుంచి నిలబడి ఉంది. ఆమె కుడిచెయ్యి పైకి చాపింది.

గట్టు మీద ఉన్న మగవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. పురిటి మైల, చావు మైల, రెండూ ఉన్న చెయ్యి అది. మద్దిలేటి చెయ్యి కదిలింది గాని, కళ్ళు తిరుమలప్ప వైపు తిరిగాయి.

"ఆయన మొగం చూస్తావేందిరా? పెళ్ళాం చెయ్యి చూడు!" అని కసిరి, ఓబులమ్మ మోకాళ్ళ మీద కూలబడి కోడలి చెయ్యి పట్టుకుంది. ముసలి ఒళ్ళు, లాగలేకపోయింది. అప్పుడు మద్దిలేటి సిగ్గుపడి, నేల మీద బోర్లా పడి, రెండో చెయ్యి అందించాడు. సిద్ధమ్మ పైకి వచ్చింది.

సిద్ధమ్మ ఆ గోతిలోనే శిలగా మారిపోయిందని ఊరిపెద్దల ఇళ్ళలో చెబుతారు. అడిగే ఆడదానితో కాపురం చెయ్యడం కన్నా రాతికి పసుపు పూయడం సులువు కనుక ఆ కథ వారికి నచ్చింది. కాటికాపరి వంశపు ఆడవాళ్ళు చెప్పేది వేరు. ఆమె చాలాకాలం బతికింది. మళ్ళీ పిల్లల్ని కన్నది. ఊళ్ళో ఎవరు పోయినా వచ్చి గోతిలో దిగి నిలబడి కొలత చూసేది. తిరుమలప్ప కోడలి తొలి కాన్పు బిడ్డ దక్కనప్పుడు, ఆ కోడలు సిద్ధమ్మ ఇంటికే కబురు పెట్టింది. సిద్ధమ్మ పాత మాట ఏదీ ఎత్తకుండా వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని వంక దాటించి, చోటు చూపించింది. ఆ రోజు తరువాత గుండెలోతు కట్టుబాటుకు ఎదురు చెప్పినవారు లేరు.

సిద్ధమ్మ పోయిన తరువాతి వానాకాలంలో, ఆమె బిడ్డ తలాపున ఓబులమ్మ పాతిన రాయి స్థానంలో గుండెల వరకు ఆడరూపం వెలసింది. నాగప్ప మనుమడు చెక్కి నిలిపాడని కూడా అంటారు. ఇక్కడ ఆ రెంటికీ తగవు లేదు.

నేటికీ గరుసుమిట్టలో చావు జరిగితే ఆ ఇంటి ఆడమనిషి ముందు గోతిలోకి దిగుతుంది. ఆమె నోటి నుంచి "చాలు" అనే మాట వచ్చేదాకా గడ్డపార ఆగదు. ఇక్కడ నిద్రించిన బిడ్డను నక్క ముట్టదు, వాన కోయదు. బిడ్డ పోయిన తల్లులు మల్లెపూలు తెచ్చి అమ్మ రొమ్ముల మీద ఉంచితే పాల సలుపు తగ్గుతుందని, కడుపుకోత చల్లబడుతుందని నమ్మకం. పోయిన బిడ్డను ఎక్కడ పెట్టారో తెలియనివారు ఓబులమ్మ పేర ఒక రాయి తెచ్చి గుడి వెనక పెడతారు. అక్కడ ఇప్పుడు రాళ్ళు గుట్టగా పేరుకున్నాయి.

మగవారు కూడా ఈ క్షేత్రానికి రావచ్చు. అయితే గుడిలోకి వచ్చినవారు ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆ చాపిన చెయ్యి మనల్ని దీవించడానికి కాదు. ఆమె ఇంకా గోతిలోనే ఉన్నట్టు భావించి, వంగి, గట్టిగా పట్టుకోవాలి.